లిస్టులో ఉన్న తమ్ముడు

డిసెంబర్ 2, సోమవారం. ఉదయం 8

రేపటి నుంచి నేను శాంటాక్లాజ్‌ని. చదివింది ఎం.ఏ. చరిత్ర, ఫస్ట్ క్లాస్. ఈ రెండు వాక్యాలూ ఒకే మనిషి గురించి అని ఎవరూ చదవని డైరీలో రాసుకోవడానికి కూడా కొంచెం సిగ్గుగానే ఉంది.

జరిగిందేమిటంటే, పెదనాన్న బల్బు మార్చబోయి స్టూలు మీద నుంచి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ప్లేటు వేశారు. రెండు నెలలు మంచం దిగొద్దన్నారు. ఆయన స్కూల్ బస్సు నడిపి రిటైరయ్యాడు. కానీ జనం ఆయన్ని గుర్తుపట్టేది బస్సు వల్ల కాదు. పందొమ్మిదేళ్లుగా పెద్ద స్టోర్ మూడో అంతస్తులో, డిసెంబర్ అంతా ఎర్ర కుర్చీలో కూర్చునే శాంటా ఆయనే. గడ్డం సొంతం. పొట్ట సొంతం. నవ్వు కూడా సొంతమే.

ఆయన పడ్డ మర్నాడే స్టోర్ వాళ్లు ఫోన్ చేశారు, ఆయన బదులు ఎవరని. పెద్దమ్మ ఇల్లంతా ఒకసారి కలియజూసింది. వాడకుండా పడి ఉన్న వస్తువు నేనొక్కణ్ణే. మావాడున్నాడండీ, బాగా చదువుకున్నాడు, అంది. శాంటాకి చదువెందుకని వాళ్లు అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ఇంటర్వ్యూ చేసింది ఫ్లోర్ మేనేజర్. చొక్కాతో పాటు మొహం కూడా ఇస్త్రీ చేయించుకునే రకం. అనుభవం ఏమైనా ఉందా అన్నాడు. రెండేళ్లుగా ఒకే కుర్చీలో కదలకుండా కూర్చున్న అనుభవం ఉందన్నాను. మొహం మీద ఒక్క మడత పడలేదు. అయినా ఉద్యోగం ఇచ్చాడు. వేరే గతి లేదు, ఇద్దరికీ.

డిసెంబర్ 3, మంగళవారం. సాయంత్రం 7

పట్టాభిషేకం జరిగింది.

కోటు పెదనాన్నది. అందులో నాలాంటివాళ్లు ఇద్దరు పడతారు. రెండోవాడి చోట దిండు కట్టారు. గడ్డం నైలాన్‌ది, గమ్‌తో అంటించారు. సాయంత్రం పీకినప్పుడు చెంపల మీద ఉన్న నా అసలు గడ్డం కూడా కొంత దానితో వెళ్లిపోయింది.

నా మంత్రివర్గంలో ఇద్దరు. ఒకరు సెక్యూరిటీ గార్డు. ఆరడుగుల మనిషి, నలభై అయిదేళ్లు, పెళ్లీడు కూతుళ్లు. శాంటా దగ్గర పనిచేసే బుల్లి మనుషుల వేషం అని చెప్పి ఆయనకి పొడుగ్గా, కోసుగా ప్లాస్టిక్ చెవులు తగిలించారు. స్టోర్‌లో అందరూ చెవులాయన అంటారు. ఆయన ఏమీ అనుకోడు. ఆ చెవుల కింద అదే గార్డు మొహంతో నిలబడి, ఒక్కొక్క పిల్లనీ లోపలికి వదులుతాడు. ఇంకొకరు ఫొటోలు తీసే అక్క. పిల్లలు నవ్వకపోతే నన్ను తిడుతుంది.

పొద్దున బయల్దేరేటప్పుడు పెదనాన్న మంచం దగ్గరికి పిలిచాడు. పిల్లలకి మాట ఇవ్వకు, పిల్లల్ని కాదనకు, అన్నాడు. అంతేనా అన్నాను. అంతే అన్నాడు. రెంటికీ మధ్య ఏం మిగుల్తుంది పెదనాన్నా అన్నాను. చూద్దాం అనే ముక్క మిగుల్తుంది, రోజంతా దానితోనే గడపాలి, అన్నాడు. ప్రభుత్వాలు నడిపే పద్ధతీ ఇదే కదా అన్నాను. ఒరేయ్, నోరు కాస్త తగ్గించు, అక్కడ వినేవాళ్లు నిజంగా నమ్ముతారు, అన్నాడు.

ఈ రోజు డెబ్బై మంది పిల్లలు. చూద్దాం, చూద్దాం, చూద్దాం. ఒకడు నా మీసం కిందికి జారుతోందని నా చెవిలో రహస్యంగా చెప్పాడు. మర్యాదస్తుడు.

డిసెంబర్ 4, బుధవారం. రాయడం స్టాఫ్ రూమ్‌లో, లంచ్ టైం

పెదనాన్న గుట్టు తెలిసిపోయింది.

ఇన్నేళ్లూ జనం ఆయన గురించి ఒక మాట చెప్పుకునేవాళ్లు. పోయినేడు ఏ పిల్ల ఏం అడిగిందో ఈ శాంటాకి గుర్తుంటుందని. అందుకే ఊరికి ఆ చివర నుంచి కూడా ఇక్కడికే వస్తారు. దాని వెనక ఉన్నది జ్ఞాపకశక్తి కాదు, ఒక లాంగ్ నోట్‌బుక్. రోజూ ఇంటికొచ్చాక అన్నీ రాసుకునేవాడట. పేరు, వయసు, ఏం అడిగారు, ఇంకో చిన్న గుర్తు. స్టోర్‌లో టైం బుక్ చేసుకున్నవాళ్ల స్లిప్పులు పొద్దున్నే వస్తాయి కదా. ఆ పేర్లు పుస్తకంలో వెతికి, వల్లె వేసి, అప్పుడు కుర్చీ ఎక్కుతాడు.

పెద్దమ్మ దాన్ని దుప్పట్ల కింద నుంచి తీసి నా చేతిలో పెట్టింది. ఆయన మాత్ర వేసుకుని పడుకున్నాడు, లేచాక చెప్తాలే, తీసుకెళ్లు, అంది. ఎలా వాడాలో కూడా ఆయన్ని అడిగి చెప్తానంది. ఇందులో అడగడానికేముంది, పరీక్షల ముందు నేను చేసిందీ ఇదే కదా అన్నాను.

ఈ పొద్దున ఒక బొద్దు పిల్లాడు ఒళ్లో కూర్చోగానే, ఏరా, డ్రమ్ము ఇంకా పగల్లేదా అన్నాను. వాడి నోరు తెరుచుకుంది. వాళ్లమ్మ నోరు ఇంకా పెద్దగా తెరుచుకుంది. క్యూ అంతా గుసగుస. నా జన్మలో ఇంత మంది నన్ను ఇంత నమ్మకంగా ఎప్పుడూ చూడలేదు. వైవా ఎగ్జామినర్లు కూడా చూడలేదు.

ఫ్లోర్ మేనేజర్ వచ్చి తలూపి వెళ్లాడు. మొహం మీద ఒక మడత కనిపించినట్టే అనిపించింది.

డిసెంబర్ 6, శుక్రవారం. సాయంత్రం 7:30

ఈ రోజు నా దర్బారు చరిత్రలో సువర్ణ దినం. వివరంగా రాయాలి.

నాలుగింటికి ఫొటో ప్రింటర్ మొరాయించింది. అక్క దాని పొట్ట విప్పి కూర్చుంది. క్యూలో ముప్పై మంది పిల్లలు. రెండు నిమిషాలకి ఒకడు ఏడుపు మొదలుపెట్టాడు, ఆ ఏడుపు వరుసలో అంటుకుంటూ పోయింది. మేనేజర్ దూరం నుంచి నన్ను చూశాడు. ఏదో ఒకటి చెయ్యి అన్నట్టు.

చేశాను. డిసెంబర్ ఆరు శాంటాకి మూలపురుషుడైన నికొలస్ బిషప్ రోజు. ఎం.ఏ. రెండో ఏడాదిలో ఆయన మీద నేను ఒక పేపర్ రాశాను, పన్నెండు పేజీలు, నేనూ మా సారూ తప్ప ఎవరూ చదవలేదు, సారు చదివాడని కూడా ఒట్టేసి చెప్పలేను. ఆ పేపరుకి ఇన్నాళ్లకి ముప్పై మంది శ్రోతలు దొరికారు.

ఉప్పు పీపా కథ చెప్పాను. కరువు కాలం. ముగ్గురు పిల్లలు దారి తప్పి ఒక కసాయివాడి తలుపు తట్టారు. వాడు వాళ్లని చంపి ఉప్పు పీపాలో దాచాడు. ఏళ్లు గడిచాక బిషప్ ఆ దారిన వచ్చి, ఆ ఇంట్లో అడుగుపెట్టి, పీపా మీద చెయ్యి పెట్టి, లేవండర్రా అన్నాడు. ముగ్గురూ నిద్ర లేచినట్టు ఒళ్లు విరుచుకుంటూ లేచి కూర్చున్నారు. చంపడం దగ్గర గొంతు తగ్గించాను, లేవడం దగ్గర పెంచాను. ఒక్క పిల్ల ఏడవలేదు. ఇద్దరు తల్లులు మాత్రం నన్ను కొరకొరా చూశారు.

క్యూలోంచి ఒక పిల్ల అడిగింది, ఆ బిషప్ నువ్వేనా తాతా అని. రెండు జడలు, ఎనిమిదేళ్లు. నేనే, అప్పట్లో సన్నగా ఉండేవాణ్ణి, అన్నాను. పెద్దవాళ్లు నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు.

ప్రింటర్ బాగుపడింది. ఆ పిల్ల వంతు వచ్చింది. వాళ్లమ్మ ఫ్రేములు చూడ్డానికి ఫొటో కౌంటర్ దగ్గర ఆగింది. స్లిప్పు మీద పేరు, పక్కన పిల్లలు ఒకటి అని ఉంది. పుస్తకంలో ఆ పేరు పొద్దున్నే చూశాను. అక్క, తమ్ముడు ఇద్దరూ వచ్చారు, తమ్ముడికి నాలుగేళ్లు, వాడికి క్రేన్ కావాలి, నా గడ్డం తగిలి ఒకసారి తుమ్మాడు, ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు, అని పెదనాన్న గుండ్రటి చేతిరాత.

ఏమ్మా, తమ్ముడి క్రేన్ ఎలా ఉంది అన్నాను.

నా కళ్లలోకి చాలాసేపు చూసింది. నీకు తెలీదా అంది. నాకు తెలియంది ఏముంటుంది, మీ తమ్ముడి పేరు నా లిస్టులో నీ పేరు పక్కనే ఉంది, అన్నాను. ఈ ఏడాది లిస్టులోనా అంది. ఈ ఏడాది లిస్టులోనే. ఇరవై అయిదుకేనా అంది. ఇరవై అయిదుకే అన్నాను. నీకేం కావాలో చెప్పలేదే అంటే, ఇంకేమీ వద్దంది. మెడ పట్టుకుని ఎంత గట్టిగా నొక్కిందంటే గడ్డం ఒక పక్క ఊడింది. చేత్తో మళ్లీ తనే అంటించి దిగి వెళ్లింది.

చూద్దాం అనడం మర్చిపోయానని ఇప్పుడు రాస్తుంటే గుర్తొచ్చింది. ఒక్కసారికి ఏం కాదు.

డిసెంబర్ 7, శనివారం

నిన్న రాసింది మళ్లీ చదువుకున్నాను. బాగుంది.

డిసెంబర్ 9, సోమవారం. సాయంత్రం 6

లంచ్ టైంలో స్టాఫ్ రూమ్‌లో ఉన్నాను. గడ్డం ఒక కుర్చీలో, దిండు ఒక కుర్చీలో, నేను ఒక కుర్చీలో. చెవులాయన తలుపు తీసి, ఒకావిడ శాంటాతో మాట్లాడాలంటోందన్నాడు. ఆయన గొంతులో ఏదో తేడా ఉంది. నేను పట్టించుకోలేదు.

ఆవిడ గదంతా వెతికింది. నా మీద నుంచి చూపు రెండుసార్లు దాటిపోయింది. నేనేనండీ అన్నాను. ఇంత చిన్నవాడా అంది. వయసు పదిహేడు వందలు, మేకప్ బాగా కుదిరింది, అనబోయాను. నాలిక చివరి దాకా వచ్చింది. అప్పటికే ఆవిడ కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టింది. అదొక్కటే ఈ మధ్య నాకు పట్టిన అదృష్టం.

బాబు మే నెలలో పోయాడట. జ్వరం. నాలుగు రోజులు.

బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

ఆ రోజు నుంచి పాప తమ్ముడి మాట ఎత్తలేదట, ఏడు నెలలు. ఏదీ అడిగేది కాదు, దేనికీ మారాం చేసేది కాదు. కాస్త నవ్వుతుందేమో అని ఇక్కడికి తీసుకొచ్చారట. శుక్రవారం ఇంటికెళ్లగానే, తమ్ముడి మంచం మీద పేరుకున్న బట్టల కుప్పలు తీసేసి దుప్పటి పరిచిందట. బీరువాలో తన అర ఖాళీ చేసి సగం వాడికి వదిలిందట. ఈ పొద్దున స్కూల్లో టీచర్‌కి చెప్పిందట, సెలవుల తర్వాత తమ్ముడు కూడా వస్తాడు, చెయ్యి పట్టుకుని తనే తీసుకొస్తుంది, ఫస్ట్ బెంచీలో చోటు ఉంచమని. టీచర్ ఫోన్ చేసిందట. ఎవరు చెప్పారే అని అడిగితే, శాంటా తాత చెప్పాడు, లిస్టులో ఉన్నాడు, ఆయన ఇంతకు ముందు ముగ్గుర్ని లేపాడు, అందట.

ఆవిడ అరుస్తుందేమో అని ఎదురు చూశాను. అరిస్తే బాగుండేది. ఏమన్నారు మీరు దానికి అని మాత్రం అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఉప్పు పీపా దగ్గర ఆవిడ కళ్లు మూసుకుంది.

వెళ్లేటప్పుడు అంది, అది ఇప్పుడు మళ్లీ అన్నం అడిగి తింటోంది తమ్ముడూ, అదే నాకు భయంగా ఉంది, అని. మీరు నుంచి తమ్ముడూ లోకి ఎప్పుడు మారిందో గమనించలేదు.

తర్వాత గడ్డం అంటించుకుని నలభై మంది పిల్లల్ని చూశాను. ఏం మాట్లాడానో తెలీదు.

డిసెంబర్ 10, మంగళవారం. ఉదయం

పప్పులో కాలేశాను అని రాద్దామనుకున్నాను. ఈ పొరపాటుకి ఆ మాట సరిపోదు. వేరేది దొరకలేదు.

డిసెంబర్ 11, బుధవారం. ఉదయం 9

పెదనాన్నకి చెప్పాను. పుస్తకం తీసుకెళ్లానని కూడా అప్పుడే తెలిసింది ఆయనకి. పెద్దమ్మ చెప్పడం మర్చిపోయిందట. ఆవిడ గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

స్లిప్పులో పిల్లలు ఎంతమందని ఉంది అన్నాడు పెదనాన్న. ఒకటి అన్నాను. పుస్తకంలో ఎంతమంది అన్నాడు. ఇద్దరన్నాను.

అదే చూడాలిరా అన్నాడు. ముందు అంకె చూడాలి. పోయినేటి కంటే ఒకటి తగ్గిందంటే ఆ పేజీ ఇక తెరవకూడదు. ఊరెళ్లి ఉండొచ్చు, పరీక్ష ఉండొచ్చు, ఇంకేదైనా అయ్యుండొచ్చు. మనకి తెలీదు. తెలియనప్పుడు, ఏమ్మా ఎలా ఉన్నావు అని మాత్రం అడగాలి. పందొమ్మిదేళ్లలో పదకొండుసార్లు అంకె తగ్గింది, ఆరుసార్లు ఊరెళ్లారు, అన్నాడు. మిగతా అయిదు గురించి నేను అడగలేదు.

ఇది పుస్తకంలో ఎందుకు రాయలేదు అన్నాను. కాస్త కోపంగానే అన్నాను, సిగ్గు లేకుండా. పుస్తకం నా కోసం రాసుకున్నాన్రా, నీ కోసం కాదు, అన్నాడు.

గోడ వైపు తిరిగాడు. తుంటి నొప్పికి అలా తిరగకూడదు. వాడు మూడుసార్లు తుమ్మాడు, అన్నాడు. నేను ఒకటే అని రాశాను.

డిసెంబర్ 13, శుక్రవారం. లంచ్

మేనేజర్ గదిలో పంచాయితీ.

మన శాంటా చావుల గురించి మాట్లాడడు, అది స్టోర్ పద్ధతి, అన్నాడు మేనేజర్. మన శాంటా ఆల్రెడీ మాట్లాడేశాడు సార్ అన్నాను. ఆ పాప మళ్లీ వస్తే ఫొటో తీసి, చాక్లెట్ ఇచ్చి పంపించు, జనవరికి అదే మర్చిపోతుంది, అన్నాడు. చెవులాయన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఈ గదిలో మాట్లాడమని ఎవరూ అడగని మనిషి. మా పెద్దది మర్చిపోవడానికి పదకొండేళ్లు పట్టింది సార్ అన్నాడు. ఏం మర్చిపోవడానికి అని ఎవరం అడగలేదు. మేనేజర్ కాగితాలు సర్దుకున్నాడు.

చివరికి తేలింది ఇదీ. ఇరవై రెండు, ఆదివారం, స్టోర్ తెరిచే ముందు పావుగంట. క్యూ ఉండదు, కెమెరా ఉండదు. ఏం చెప్తావో నీ ఇష్టం, నాకు తెలీనట్టు ఉంటాను, అన్నాడు. ఆ మాట అన్నప్పుడు మొహం మొత్తం నలిగింది. ఇన్నాళ్లూ ఆయన మీద వేసిన జోకులు వెనక్కి తీసుకోవాలనిపించింది. ఒకటి రెండు ఉంచుకుంటాను.

డిసెంబర్ 15, ఆదివారం

పాప వాళ్లమ్మ ఫోన్ చేసింది. వచ్చే ఆదివారం వస్తామంది. ఈలోపు ఇంట్లో ఎవరైనా చెప్పగలరేమో అన్నాను. పిరికివాణ్ణి, ఒప్పుకుంటాను.

తను రెండుసార్లు చెప్పిందట. పాప జాలిగా చూసి, నీకు తెలీదులే అమ్మా, నువ్వు కౌంటర్ దగ్గర ఉన్నావు కదా, అందట.

మరి వాళ్ల నాన్న అన్నాను. ఆయన దానితో కూర్చుని దుప్పటి అంచులు మడుస్తున్నాడు తమ్ముడూ అంది. అది ఏం చెప్పినా తలూపుతున్నాడు. నేను ఏమైనా అంటే, పోనీలే, ఇంకో పది రోజులే కదా, అంటున్నాడు. పది రోజుల తర్వాత ఏమవుతుందని ఆయన అనుకుంటున్నాడో నాకు తెలీడం లేదు, అంది.

డిసెంబర్ 17, మంగళవారం. ఉదయం

రాత్రి కూర్చుని ఏం చెప్పాలో రాసుకున్నాను. మొదటి డ్రాఫ్టు నాలుగు పేజీలు, ఫుట్‌నోట్లు కూడా పెట్టాను. రెండోది కవిత్వంలా వచ్చింది. రెండూ చించేశాను. పొద్దున పెదనాన్నకి మూడోది చదివి వినిపించాను. తమ్ముడు నక్షత్రం అయ్యాడు అనే లైను దగ్గర ఆపమన్నాడు. నక్షత్రం గిక్షత్రం అన్నావంటే కాళ్లు విరగ్గొడతా అన్నాడు. ప్రస్తుతం విరిగి ఉన్నది ఆయనే. అది గుర్తు చేయలేదు.

నిద్రపోతున్నాడని చెప్పకు, అది ఇక నిద్రపోదు. మంచి చోట ఉన్నాడని చెప్పకు, అలాగైతే ఇల్లు మంచి చోటు కాదా అంటుంది. తప్పు నాది అని చెప్పు. పెద్దవాళ్లు పిల్లలకి చెప్పని మాట అదొక్కటే, అన్నాడు.

గడ్డం తీసేసి, నేను శాంటాని కాదు, అంతా అబద్ధం అని చెప్పేస్తేనో అన్నాను. నీకు తేలికవుతుంది, అన్నాడు. ఇప్పటికే ఒకడు పోయాడు దానికి, ఇంకొకణ్ణి, శాంటాని కూడా, ఎందుకు లాక్కుంటావు. గడ్డం ఉంచుకో.

డిసెంబర్ 20, శుక్రవారం

ఒక పిల్లాడు తనకి తమ్ముడు కావాలన్నాడు. చూద్దాం అనడానికి నోరు రాలేదు. ఫొటో అక్క ఫ్లాష్ కొట్టి గట్టెక్కించింది.

డిసెంబర్ 22, ఆదివారం. మధ్యాహ్నం 1

అయింది.

పావు తక్కువ పదికి వచ్చారు. ఎస్కలేటర్ ఇంకా ఆన్ చేయలేదు, మెట్లెక్కి వచ్చారు. లైట్లు సగమే వెలుగుతున్నాయి. బొమ్మల మీద కప్పిన గుడ్డలు తీయలేదు. చెవులాయన తాడు తీసి, వంగి, రామ్మా అన్నాడు. ఆయన ఎవరితోనూ వంగి మాట్లాడగా చూడలేదు.

పాప ఒళ్లో కూర్చోలేదు. ఎదురుగా నిలబడి జేబులోంచి కాగితం తీసి ఇచ్చింది. నీకు తెలియాల్సినవి రాశాను తాతా అంది. పెన్సిల్‌తో, వంకర లేకుండా, మార్జిన్ కొట్టి రాసింది. మెట్ల దగ్గర చెయ్యి పట్టుకోవాలి, రెయిలింగు పట్టుకోమంటే వినడు. చీకట్లో తీసుకురావద్దు. పై బొత్తాం పెట్టుకోవడం రాదు, కోప్పడితే ఇంకా రాదు. దారిలో కుక్క కనిపిస్తే ఆగుతాడు, ఆగనివ్వాలి. నీ గడ్డం దూరంగా పెట్టుకో.

చదివాను. మళ్లీ చదివాను. రెండోసారి చదవాల్సినంత ఏమీ లేదు అందులో. టైం కోసం చదివాను.

తర్వాత చెప్పాను. నేను తప్పు చేశానమ్మా అన్నాను. నా దగ్గరున్నది పోయినేటి లిస్టు. మీ తమ్ముడు చనిపోయాడని నాకు తెలీదు. తెలీకుండా అన్నీ తెలిసినట్టు గొప్పలు పోయాను. వాణ్ణి నేను తీసుకురాలేను. ఇరవై అయిదుకి కాదు, ఎప్పటికీ కాదు. ఎవరి వల్లా కాదు.

రాసుకున్నది ఇంకా ఉంది. అంతకు మించి రాలేదు.

మరి ఆ ముగ్గుర్నీ లేపావు కదా అంది.

అది నేను కాదన్నాను. అది కథ. చాలా కాలం క్రితం పిల్లలు పోయినవాళ్లు ఎవరో చెప్పుకున్న కథ.

కథ అని వాళ్లకి తెలుసా అని అడిగింది.

పన్నెండు పేజీల పేపర్లో ఈ ప్రశ్న లేదు. నాకు తెలీదమ్మా అన్నాను. కొన్ని రోజులు తెలిసి ఉంటుంది, కొన్ని రోజులు తెలియనట్టు ఉండి ఉంటారు, అన్నాను.

పాప ఆలోచించింది. పిల్లలు ఆలోచించేటప్పుడు పెదవి కొరుక్కుంటారని అంటారు. అలా ఏమీ చేయలేదు. కాగితం ఇమ్మని చెయ్యి చాచింది. ఇచ్చాను. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంది. తెలీకపోతే తెలీదని చెప్పాలి, అంది. క్లాస్ లీడర్ చెప్పినట్టు. చెప్తానన్నాను. ఇక నుంచి చెప్తానన్నాను.

నన్ను కొట్టినా బాగుండేది. పిల్లలు కొడతారని మొదటి రోజే హెచ్చరించారు, ఆ ఇన్సూరెన్స్ ఫారం మీద సంతకం కూడా పెట్టాను.

వాళ్లమ్మ భుజం మీద చెయ్యి వేసి తిప్పింది. పాప రెండడుగులు వేసి ఆగింది. నా వైపు కాదు, వాళ్లమ్మ వైపు చూసి అడిగింది, మరి నాన్నకి ఎవరు చెప్తారు అని.

వాళ్లమ్మ మొహం గురించి రాయను.

నా దగ్గర ఏడవలేదు. మెట్ల మలుపులో కూర్చుని ఏడ్చిందని ఫొటో అక్క చెప్పింది. చెవులాయన ఆ ప్లాస్టిక్ చెవులు తీసి జేబులో పెట్టుకుని, వాళ్లు లేచేదాకా కింద మెట్టు మీద నిలబడ్డాడట. కింద జనం గేటు దగ్గర అరుస్తున్నా పైకి ఎవరినీ వదల్లేదట. స్టోర్ పన్నెండు నిమిషాలు ఆలస్యంగా తెరిచారు. మేనేజర్ కారణం అడగలేదు.

డిసెంబర్ 23, సోమవారం

పెదనాన్నకి అంతా చెప్పాను. గడ్డం ఉంచుకున్నావా అన్నాడు. ఉంచుకున్నానన్నాను. పాప నమ్మిందా అన్నాడు. ఏది అన్నాను. నువ్వు చెప్పింది, అన్నాడు. నమ్మింది పెదనాన్నా, అదే కదా బాధ, అన్నాను. పెద్దమ్మ వంటింట్లో పంపు తిప్పి చాలాసేపు వదిలేసింది.

డిసెంబర్ 24, మంగళవారం. సాయంత్రం 5

ఆఖరి రోజు. నూట నలభై మంది. పుస్తకం ఇంట్లోనే వదిలి వెళ్లాను. ఎవరొచ్చినా, ఏమ్మా ఎలా ఉన్నావు, ఏరా ఎలా ఉన్నావు. కొందరు తల్లుల మొహాలు వాడాయి, ఈసారి శాంటాకి ఏమీ గుర్తులేదని. వయసు మీద పడింది అన్నాను.

అన్నిటికంటే ఘోరం ఏమిటంటే, ఎలా ఉన్నావు అని అడిగితే పిల్లలు చెప్తారు.

డిసెంబర్ 25, బుధవారం

సెలవు. పదింటి దాకా పడుకున్నాను. ఆ ఇంట్లో ఈ పొద్దున ఎలా తెల్లారిందో ఆలోచించకూడదని తీర్మానం చేశాను. సభ్యులందరూ వ్యతిరేకించారు.

డిసెంబర్ 27, శుక్రవారం. సాయంత్రం

జనవరి అయిదు దాకా నన్ను కింది అంతస్తులో రిటర్న్స్ కౌంటర్‌లో వేశారు. గడ్డం లేదు, దిండు లేదు, మెడలో కార్డు.

మూడింటికి ఒక మనిషి వచ్చాడు. పక్కన పాప. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. పాప నన్ను గుర్తుపట్టలేదు. ఆయన అట్టపెట్టె కౌంటర్ మీద పెట్టి, చెయ్యి దాని మీదే ఉంచేశాడు. పాప ఆ చేతిని తీసి తన చేతిలో పట్టుకుంది.

అయిదేళ్ల పిల్లాడి బూట్లు. కొత్తవి. పోయినేటి కంటే ఒక సైజు పెద్దవి అయ్యుంటాయి.

ఎవరికి కొన్నారని నేను అడగలేదు. పాపే చెప్పింది. మా నాన్నకి తెలీక కొన్నాడండీ. నేను చెప్పాను, అంది.

రిటర్న్ చేయాలంటే మెషిన్‌లో కారణం నొక్కాలి. అది నొక్కకపోతే ముందుకి కదలదు. నాలుగే ఉన్నాయి. రంగు, లోపం, సైజు, మనసు మారింది.

సైజు అని నొక్కాను. మెషిన్ తీసుకుంది.